డార్సీ మారాడు సరే, ఎలిజబెత్ సంగతేమిటి? ఒక తరగతి కేస్ స్టడీ

విజయవాడలోని ఒక డిగ్రీ కళాశాలలో ఆంగ్ల సాహిత్యం బోధిస్తూ, నవల సినిమాగా మారినప్పుడు అందులోని పాత్రలకు ఏమవుతుందన్న అంశాన్ని చివరి సంవత్సరం విద్యార్థులతో కొంతకాలంగా చర్చిస్తున్నాను. ఈ వ్యాసం ఆ పాఠంలో ఒక భాగానికి సంబంధించినది. జేన్ ఆస్టెన్ 1813లో ప్రచురించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవల ఆధారంగా జో రైట్ 2005లో తీసిన సినిమాను తరగతిలో చూపించి, ఇందులో ఎవరు మారారు, ఏ సన్నివేశంలో మారారు, ప్రేమ పుట్టాక మారారా లేక మారిన తరువాత ప్రేమ పుట్టిందా అని అడిగినప్పుడు వచ్చిన సమాధానాలను, ఆ సమాధానాలు అలా రావడానికి సినిమాలో ఉన్న కారణాలను, తిరిగి నవల దగ్గరకు వెళ్లి వాటిని సరిచూసుకున్న పద్ధతిని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఇదే పాఠం చెప్పే అధ్యాపకులకూ, నవలను స్క్రిప్టుగా మలచడం నేర్చుకుంటున్నవారికీ ఇది ఉపయోగపడవచ్చు.

కథ క్లుప్తంగా ఇది: బెన్నెట్ కుటుంబంలోని అయిదుగురు అక్కచెల్లెళ్లలో ఒకరైన ఎలిజబెత్, సంపన్నుడు, గర్విష్ఠి అయిన డార్సీ మొదటి పెళ్లి ప్రతిపాదనను తిరస్కరిస్తుంది, చివరకు అతనినే పెళ్లాడుతుంది. ఈ నవలకు తెర రూపాలు చాలా ఉన్నాయి. 1940లో గ్రీర్ గార్సన్, లారెన్స్ ఒలీవియర్ నటించిన హాలీవుడ్ చిత్రం ఉంది. 1995లో బీబీసీ ఆరు భాగాలుగా ప్రసారం చేసిన ధారావాహిక ఉంది. నవలకు విధేయంగా ఉండటమే కొలమానమైతే ఆ ధారావాహికనే చూపించాలి. కాని నాకు కావలసింది విధేయత కాదు, ఒత్తిడి. రెండు గంటల పైచిలుకు నిడివిలో ఒక పెద్ద నవలను కుదించవలసి వచ్చినప్పుడు దర్శకుడు దేనిని ఉంచుకుంటాడు, దేనిని వదులుకుంటాడు, వదులుకున్నదాని స్థానంలో ఏమి పెడతాడు అన్నది జో రైట్ సినిమాలో స్పష్టంగా కనిపిస్తుంది. అది ఆయన తొలి చలనచిత్రం. స్క్రీన్‌ప్లే డెబోరా మొగ్గాక్ రాశారు. ఎలిజబెత్‌గా నటించిన కీరా నైట్లీకి ఉత్తమ నటి విభాగంలో ఆస్కార్ నామినేషన్ లభించింది. నవలకు తొలి ముసాయిదా 1790ల చివరలో రాసినది కాబట్టి దర్శకుడు కథను ఆ కాలంలోనే నిలిపి, బెన్నెట్ కుటుంబం ఇంటిని బురద, కోళ్లు, ఇంట్లోంచి నడిచిపోయే పంది, ఆరవేసిన బట్టలతో నింపాడు. గుడివాడ, నూజివీడు వైపు పల్లెల నుంచి వచ్చే మా విద్యార్థులకు ఆ పెరడు వెంటనే పరిచయమైపోయింది. అక్క జేన్‌కు జ్వరమని తెలిసి ఎలిజబెత్ మూడు మైళ్లు నడిచి, బురద అంటిన అంచులతో నెదర్‌ఫీల్డ్ బంగళాలో అడుగుపెట్టినప్పుడు అక్కడి ఆడవాళ్లు చూసిన చూపును వారికి వివరించవలసిన అవసరమే రాలేదు.

తరగతి వెంట తెచ్చుకున్న సినిమా

ఏ తరగతీ ఖాళీ మనసుతో సినిమా చూడదు. మా విద్యార్థుల వెనుక వాళ్ల అమ్మలు, అమ్మమ్మలు చదివిన నవలలు ఉన్నాయి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో ఈనాటికీ చేతులు మారుతూనే ఉంటుంది; 1976లో అది అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా వచ్చింది. అంతకు ముందే, 1971లో, కోడూరి కౌసల్యాదేవి నవల ‘ప్రేమనగర్’ అదే జంటతో, అదే దర్శకుడు కె.ఎస్. ప్రకాశరావు చేతుల మీదుగా తెరకెక్కింది. సంపన్నుడు, అహంభావి అయిన కథానాయకుడు. ఉద్యోగం చేసుకుంటూ ఆత్మాభిమానం వదులుకోని కథానాయిక. మధ్యలో ఒక అపార్థం. ఈ చట్రం తెలుగు పాఠకురాలికి ఎంతగా అలవాటంటే, తొలి విందులో డార్సీ ముఖం చిట్లించుకుని నిలబడగానే వెనుక బల్లల నుంచి, ‘సెక్రటరీ’ కథానాయకుడిని తలచుకుని, ‘రాజశేఖరం వచ్చాడు’ అన్న మాట వినిపించింది.

ఆ పోలిక సరదాగా వచ్చినా, తరువాతి చర్చ మొత్తానికి అదే పునాది అయింది. మన నవలా చిత్రాలలో సాధారణంగా ప్రేమ మగవాడిని బాగుచేస్తుంది. తాగుబోతు జమీందారు బిడ్డ ఆమె కోసం తాగుడు మానతాడు, పొగరుబోతు యజమాని ఆమె కోసం తల వంచుతాడు. ఆమె మాత్రం మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా నిర్దోషిగానే ఉంటుంది. ఆమెపై పడిన నింద తొలగిపోతుందే తప్ప ఆమె స్వభావంలో తొలగవలసినదంటూ ఏమీ ఉండదు. ఈ అలవాటుతో చూసినప్పుడు ఆస్టెన్ కథ సగమే కనబడుతుంది.

సినిమా పూర్తయిన వెంటనే చర్చ మొదలుపెట్టకుండా కాగితాలు ఇచ్చి, మారినవారి పేరు, మారిన సన్నివేశం, కారణం రాయమన్నాను. చాలామంది డార్సీ పేరు రాశారు. సన్నివేశాలు కూడా నిర్దిష్టంగా రాశారు. ఎలిజబెత్ పేరు రాసినవారు తక్కువ, రాసినవారు కూడా ‘నిజం తెలుసుకుంది’ అన్న మాటతో సరిపెట్టారు. తెనాలి నుంచి రోజూ రైలులో వచ్చే ఒక విద్యార్థిని అయితే, ‘ఆమెకు తప్పుడు సమాచారం అందింది మేడం, సరైన సమాచారం అందాక అభిప్రాయం సవరించుకుంది, అది ఎదుగుదల ఎలా అవుతుంది?’ అని రాసింది. ఆ ప్రశ్న సరైనదే. సమాచార లోపం వేరు, స్వభావ లోపం వేరు. ఎలిజబెత్‌ది మొదటిదే అయితే ఈ కథ ఒక పొరపాటు సవరణతో ముగిసే ప్రేమకథ మాత్రమే. రెండవదైతేనే ఇద్దరు మనుషుల ఎదుగుదల గురించి మాట్లాడగలం. ఆ తరువాతి తరగతులన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ నడిచాయి.

చేతులు, వాన, దూరం

ముందుగా, డార్సీ మార్పు అందరికీ అంత సులువుగా ఎందుకు కనబడిందో చూశాం. నవలలో డార్సీ తన మార్పును తానే మాటలలో చెప్పుకుంటాడు. రెండవ ప్రతిపాదనకు ఆమె అంగీకారం పొందిన తరువాత, తనకు చిన్ననాటి నుంచి మంచి సూత్రాలు నేర్పారనీ, అయితే వాటిని గర్వంతో, అహంకారంతో పాటించడానికి వదిలేశారనీ, మొదటి తిరస్కారంలో ఆమె అన్న మాటలు తనను చాలాకాలం వేధించాయనీ వివరిస్తాడు. సినిమా ఈ సంభాషణను దాదాపు పూర్తిగా వదిలివేసి, దాని స్థానంలో శరీరాన్ని పెట్టింది.

నెదర్‌ఫీల్డ్ నుంచి అక్కాచెల్లెళ్లు బయలుదేరేటప్పుడు డార్సీ ముందుకు వచ్చి చేయి అందించి ఎలిజబెత్‌ను బండి ఎక్కిస్తాడు. ఏమీ మాట్లాడకుండా వెనుదిరిగి నడుస్తున్నప్పుడు కెమెరా అతని చేతిని దగ్గరగా చూపిస్తుంది: వేళ్లు ఒక్కసారి విచ్చుకుని బిగుసుకుంటాయి. ఆ దృశ్యాన్ని శబ్దం లేకుండా మళ్లీ చూపించాను. డార్సీగా నటించిన మాథ్యూ మక్‌ఫాడియెన్ ముఖంలో అంతకు ముందున్న బిగువే ఉంది. చెయ్యి మాత్రం అతని మాట వినలేదు. ‘పాణిగ్రహణం అప్పుడే అయిపోయింది’ అని ఒకరు అనగా తరగతి నవ్వింది గాని, ఆ వ్యాఖ్యలో పరిశీలన ఉంది. చివర మంచు కమ్మిన తెల్లవారుజామున ఆమె అతని చేతిని తన చేతిలోకి తీసుకుని ముద్దుపెట్టి, చేతులు చల్లగా ఉన్నాయంటుంది. మొదట అతను చేయి అందించాడు, చివర ఆమె అందుకుంది. నవలలో లేని ఈ వరుసను సినిమా సొంతంగా అల్లుకుంది.

మొదటి ప్రతిపాదన నవలలో ఎలిజబెత్ బంధువు కాలిన్స్ ఇంటి గదిలో, నాలుగు గోడల మధ్య జరుగుతుంది. సినిమాలో వానలో తడుస్తూ, ఒక రాతి మండపంలో జరుగుతుంది. విల్ట్‌షైర్‌లోని స్టౌర్‌హెడ్ తోటలో ఉన్న అపోలో మందిరంలో ఆ సన్నివేశం తీశారు. ఇద్దరూ ఒకరినొకరు గాయపరచుకునే మాటలు అంటూనే ఒక్కో అడుగూ దగ్గరకు వస్తారు. వాదన ముగిసే సమయానికి ముఖాల మధ్య జానెడు దూరం కూడా ఉండదు. దీనిని నేను ప్రశంసిస్తూనే కొంత అనుమానిస్తాను. ఎందుకంటే ఈ సన్నివేశం తిరస్కారాన్ని కూడా ప్రేమలో భాగంగా మార్చివేస్తుంది. నవలలో ఆ తిరస్కారం నిజమైన తిరస్కారం. ఆమె అతడిని అసహ్యించుకుంటోంది. అతను కూడా ఆమెపై కోపంతోనే వెళ్లిపోతాడు. ఆమె తనను ఎప్పటికైనా ప్రేమిస్తుందన్న ఆశ లేశమైనా లేని స్థితిలో అతను తనను తాను తిరిగి చూసుకోవడంలోనే అతని ఎదుగుదల విలువ ఉంది. వానలో కళ్లు కళ్లు కలిసిన తరువాత ప్రేక్షకుడికి ఆ నిరాశ పూర్తిగా అందదు. వీళ్లు ఎలాగూ కలుస్తారని మనసు ముందే తీర్మానించుకుంటుంది.

అద్దం ముందు నిలబడిన మనిషి

ఎలిజబెత్ మార్పుకు నవలలో కేంద్రం ఉత్తరం. మరునాడు ఉదయం తోట దారిలో డార్సీ ఆమె చేతికి ఉత్తరం ఇచ్చి వెళ్లిపోతాడు. ముప్పై అయిదవ అధ్యాయమంతా ఆ ఉత్తరమే. ముప్పై ఆరవ అధ్యాయమంతా ఆమె దానిని చదవడమే. నవలా చరిత్రలో ఒక మనిషి చదవడాన్ని ఇంత శ్రద్ధగా చిత్రించిన అధ్యాయాలు అరుదు. తన స్నేహితుడు బింగ్లీని జేన్‌కు ఎందుకు దూరం చేశాడో డార్సీ చెప్పుకున్న భాగం మొదట చదివి నమ్మదు. డార్సీ తనకు అన్యాయం చేశాడని ఆమెను నమ్మించిన వికమ్ గురించిన భాగం చదివి అబద్ధమని కొట్టిపారేస్తుంది. ఉత్తరం మడిచి దాచుకుంటుంది, అర నిమిషంలో మళ్లీ తెరుస్తుంది. అప్పుడు ఒక్కొక్క వాక్యాన్నీ తన జ్ఞాపకాలతో పోల్చి చూడటం మొదలుపెడుతుంది. ఆ దారిలో రెండు గంటలు తిరుగుతుంది.

సినిమాలో ఇది ఇంటి లోపల జరుగుతుంది. ఎలిజబెత్ అద్దం ముందు కదలకుండా నిలబడుతుంది, గదిలో వెలుగు తగ్గిపోతుంది, డార్సీ వెనుక వచ్చి ఉత్తరం పెట్టి వెళతాడు, ఆమె తిరిగేసరికి ఉండడు. ఆ తరువాత అతని గొంతు ఉత్తరాన్ని చదువుతుంది. దృశ్యపరంగా ఇది తెలివైన ఆలోచన: తనను తాను చూసుకోవలసిన మనిషిని అద్దం ముందు నిలబెట్టారు. కాని ఆ చూపు ఏమి కనుగొన్నదో సినిమా చెప్పలేదు. వినిపించేది డార్సీ గొంతు, అతని సంజాయిషీ. ఆమె చేసిన పని వినిపించదు. తెనాలి విద్యార్థినికి ‘సరైన సమాచారం అందింది’ అనిపించడానికి కారణం ఇక్కడే ఉంది. సినిమాలో నిజంగానే సమాచారం అందింది, అంతే.

అందుచేత ముప్పై ఆరవ అధ్యాయాన్ని తరగతిలో బిగ్గరగా చదివించాను. ఎలిజబెత్ తిరిగి పరిశీలించిన జ్ఞాపకాలను ఒక్కొక్కటిగా బోర్డు మీద రాసి, ఆ విషయం ఆమెకు ముందే తెలుసా, ఉత్తరం వల్ల కొత్తగా తెలిసిందా అని అడిగాను. వికమ్ పరిచయమైన కొద్ది సేపటికే ఒక అపరిచితురాలితో తన సొంత కష్టాలు, డార్సీ అన్యాయాలు చెప్పుకోవడంలోని అనౌచిత్యం ఆమె కళ్ల ముందే జరిగింది. డార్సీని చూసి తాను తప్పుకోనని గొప్పగా అన్న మనిషి నెదర్‌ఫీల్డ్ విందుకు రాకుండా తప్పుకోవడం ఆమెకు తెలుసు. డార్సీ ఆ ఊళ్లో ఉన్నంతకాలం ఆ కథను ఆమెకు తప్ప ఎవరికీ చెప్పనివాడు, అతను ఊరు విడిచిన మరుక్షణం అందరికీ చాటడం కూడా ఆమెకు తెలుసు. బోర్డు మీద ‘ముందే తెలుసు’ వైపు నిండిపోయింది. ఉత్తరం తెచ్చిన కొత్త వార్త ప్రధానంగా ఒకటే: డార్సీ చెల్లెలు, పదిహేనేళ్ల జార్జియానాను ఆమె ముప్పై వేల పౌండ్ల ఆస్తి కోసం వికమ్ లేవదీసుకుపోవడానికి చేసిన ప్రయత్నం. మిగిలిన సాక్ష్యమంతా ఎలిజబెత్ దగ్గరే ఉంది. ఆమె దానిని చూడలేదు, చూడదలచుకోలేదు.

ఎందుకు చూడదలచుకోలేదు అన్నదే తదుపరి ప్రశ్న. దీనికి జవాబు సినిమా తొలి విందులోనే ఉంది. డార్సీ స్నేహితుడితో ఆమె ‘ఏదో ఫరవాలేదు గాని, నన్ను ఆకర్షించేంత అందగత్తె కాదు’ అన్న అర్థంలో అనడం, చాటున స్నేహితురాలు షార్లెట్‌తో ఉన్న ఎలిజబెత్ విని నవ్వేయడం, అదే రాత్రి అతనికి ఆ మాటనే తిప్పి అప్పజెప్పడం అందరికీ గుర్తుంది. ఆ నవ్వు ఆమె చమత్కారానికి గుర్తని తరగతి అప్పటిదాకా అనుకుంది. ‘ఆ ఒక్క మాట అనకుండా ఉంటే వికమ్ కథను అంత సులువుగా నమ్మేదా?’ అని గుంటూరు నుంచి వచ్చే ఒక కుర్రాడు అడిగాడు. నవలలో ఎలిజబెత్ తనకు తాను చెప్పుకునేది సరిగ్గా ఇదే: ఒకడు తనను మెచ్చినందుకు పొంగిపోయి, మరొకడు తనను నిర్లక్ష్యం చేసినందుకు నొచ్చుకుని, ఇద్దరి విషయంలోనూ వివేకాన్ని తరిమేసిందనీ, తన మూర్ఖత్వానికి కారణం ప్రేమ కాదు, గర్వమేననీ, ఆ క్షణం దాకా తనను తాను ఎరగలేదనీ. ఈ చివరి వాక్యం దగ్గర చదువుతున్న అమ్మాయి తనంతట తానే ఆగింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ అధ్యాయంలో ఆమెకు డార్సీపై ప్రేమ లేదు. అతనిని మళ్లీ చూడాలన్న కోరిక కూడా లేదని నవల స్పష్టంగానే చెబుతుంది. ప్రేమ కోసం మారలేదు. మారినందువల్ల ఏదైనా దక్కుతుందన్న ఊహ లేదు. డార్సీ పరిస్థితీ అదే. ఇద్దరూ వేర్వేరు ఊళ్లలో, ఒకరికొకరు తెలియకుండా, ఒంటరిగా మారారు. ఆ తరువాతే ప్రేమకు చోటు దొరికింది. నా దృష్టిలో ఈ నవలను మన చట్రం నుంచి వేరు చేసేది ఇదే. సినిమా ఈ వరుసను కొంత తారుమారు చేసిందన్నది కూడా నా అభిప్రాయం.

షార్లెట్ దగ్గర ఆగిన తరగతి

పాఠ్యప్రణాళికలో లేకపోయినా తరగతి అన్నిటికంటే ఎక్కువసేపు ఆగింది షార్లెట్ దగ్గర. ఎలిజబెత్ తిరస్కరించిన కాలిన్స్‌ను షార్లెట్ చేసుకుంటుంది. సినిమాలో ఆ వార్త చెప్పడానికి వచ్చినప్పుడు, తనకు ఇరవై ఏడేళ్లనీ, డబ్బు లేదనీ, తల్లిదండ్రులకు భారమయ్యాననీ, భయంగా ఉందనీ చెప్పి, తనను తప్పుపట్టే ధైర్యం చేయవద్దంటుంది. ఎలిజబెత్ ఊయల మీద కూర్చుని ఉంటుంది. షార్లెట్ వెళ్లిపోయాక ఆమె ఆ తాడు ఊయల మీద గిరగిరా తిరుగుతుంది, తిరుగుతుండగానే చుట్టూ ఋతువులు మారిపోతాయి. అన్నీ మారాయి, ఆమె ఒక్కతే ఉన్నచోటే ఉంది. ఎలిజబెత్ గర్వానికి సినిమా ఇచ్చిన అత్యంత కచ్చితమైన దృశ్యం నా లెక్కలో అద్దం కాదు, ఈ ఊయల.

షార్లెట్‌ను మా విద్యార్థినులు తప్పుపట్టలేదు. కట్నం మాట ఇంట్లో వింటూ పెరిగినవారికి ఆ భయం పరాయిది కాదు. బెన్నెట్‌కు అయిదుగురు కూతుళ్లుండగా ఆస్తి ఎక్కడి నుంచో వచ్చిన కాలిన్స్‌కు పోవడమేమిటన్న ప్రశ్నకు ఆనాటి మగవారసుల నిబంధన గురించి చెప్పి, మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ గురించి కూడా చెప్పాను. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చిన సవరణ అది. చట్టం వచ్చినా వాటా అడిగిన కూతురికి పుట్టింట ఎలాంటి పలకరింపు దొరుకుతుందో వాళ్లే నాకు చెప్పారు.

వరసల గొడవ కూడా ఒకటి వచ్చింది. కాలిన్స్ ఆస్తికి వారసుడైన దాయాది, అతను ఎలిజబెత్‌ను పెళ్లాడతాననడమేమిటని ఒకరు. లేడీ క్యాథరిన్ తన సోదరి కొడుకైన డార్సీకి తన కూతుర్ని ఇస్తాననడం ఇంకా ఘోరమని, అక్కచెల్లెళ్ల పిల్లలు మనకు అన్నాచెల్లెళ్లవుతారు కదా అని మరొకరు. మేనరికాన్ని మామూలుగా తీసుకునే తరగతి ఇక్కడ మాత్రం ముఖం చిట్లించింది. ఆంగ్ల పాఠకుడికి అసలు తట్టని అభ్యంతరమిది. దీనివల్ల ఒక అనుకోని ప్రయోజనం కలిగింది: లేడీ క్యాథరిన్ రాత్రివేళ ఇంటికి వచ్చి బెదిరించినప్పుడు, ఆ పాత్ర వేసిన జూడీ డెంచ్ అధికారానికి ఎవరూ లొంగలేదు.

ఇల్లు చూసి మనసు మార్చుకుందా?

డార్సీ ఇల్లు పెంబర్లీ కనిపించే సన్నివేశంలో చర్చ వేడెక్కింది. డార్బీషైర్‌లోని ఛాట్స్‌వర్త్ భవనాన్ని సినిమాలో పెంబర్లీగా చూపించారు. ఏడాదికి పదివేల పౌండ్ల ఆదాయమున్న మనిషి ఇల్లు అది. ఆ ఇంటిని చూశాకనే ఎలిజబెత్ మెత్తబడిందని, కాబట్టి ఇది ఆస్తి చూసి పుట్టిన ప్రేమేనని కొందరు గట్టిగా వాదించారు. ఈ వాదనను తోసిపుచ్చడం తేలిక కాదు. నవలలో ఎలిజబెత్ కూడా, ఎప్పుడు ప్రేమ మొదలైందని అక్క అడిగితే, పెంబర్లీ అందమైన ప్రాంగణాన్ని మొదటిసారి చూసినప్పటి నుంచి అని హాస్యమాడుతుంది. రెండు వందల ఏళ్ల క్రితమే రచయిత్రి ఈ అనుమానాన్ని ఊహించి, దానిని కథానాయిక నోటనే అనిపించింది.

తేడా తెలియాలంటే నవలను, సినిమాను పక్కపక్కన పెట్టాలి. నవలలో ఎలిజబెత్ డార్సీ చిత్రపటం ముందు నిలబడి, అన్నగా, భూస్వామిగా, యజమానిగా ఎంతమంది సుఖం అతని చేతిలో ఉందో, ఎంత మంచి గాని చెడు గాని అతను చేయగలడో ఆలోచిస్తుంది. నాలుగేళ్ల వయసు నుంచి అతనిని ఎరిగిన ఇంటి పెత్తనదారు అతని నోట ఒక్క కటువైన మాట వినలేదని చెప్పిన తరువాత వచ్చే ఆలోచన అది. సినిమాలో చిత్రపటం స్థానంలో పాలరాతి శిల్పాల గది వచ్చింది. తెల్లని దేహాల మధ్య నడుస్తూ వెళ్లి ఆమె డార్సీ ముఖశిల్పం ముందు ఆగుతుంది. ఇంటి పెత్తనదారు ప్రశంస ఉంది గాని, బాధ్యత గురించిన ఆలోచన ఆకర్షణగా మారిపోయింది. ఇల్లు చూసి మనసు మారిందన్న అనుమానానికి సినిమా నవలకంటే ఎక్కువ చోటిచ్చిందని నేను అంగీకరించాను.

అసలు ముడి మరొకటి ఉంది. ఎలిజబెత్‌లో ప్రేమ ఎలా పుట్టిందో నవల చెప్పే కారణం కృతజ్ఞత. ఒకప్పుడు ప్రేమించినందుకు మాత్రమే కాదు, తాను అంత పరుషంగా తిరస్కరించినా ఆ తిరస్కారాన్ని క్షమించగలిగేంతగా ఇంకా ప్రేమిస్తున్నందుకు. కృతజ్ఞత, గౌరవం ప్రేమకు మంచి పునాదులైతే ఆమె మనసు మారడంలో అసహజం గాని, తప్పు గాని లేదని రచయిత్రి వాదనకు దిగినట్లు రాస్తుంది. తెలుగు సినిమా ప్రేక్షకులకు ఇది మింగుడుపడదు. ‘అది ప్రేమ కాదు, కృతజ్ఞత’ అని కథానాయిక తేల్చిచెప్పే ఘట్టాలు చూస్తూ పెరిగినవాళ్లం. ఈ రెండూ పొసగవని తరగతి దాదాపు ఏకగ్రీవంగా చెప్పింది. అప్పుడు ముప్పై ఆరవ అధ్యాయాన్ని గుర్తుచేసి, తన తప్పును చూసుకోని ఎలిజబెత్‌కు ఈ కృతజ్ఞత సాధ్యమయ్యేదా అని అడిగాను. తాను సరిగ్గానే మాట్లాడానని నమ్మే మనిషికి ఎదుటివాడి క్షమ అవసరం లేదు, కనుక అది ఆమెకు కనబడదు కూడా. తనను తాను తెలుసుకున్న మనిషికి మాత్రమే ఆ క్షమ విలువ అందుతుంది. ఈ తర్కాన్ని కొందరు ఒప్పుకున్నారు. కొందరు ఒప్పుకోలేదు గాని ఆ వాక్యాన్ని తమ కాగితాలలో రాసుకున్నారు.

లిడియా వ్యవహారం గురించి క్లుప్తంగా చెబుతాను. పదిహేనేళ్ల చెల్లెలు వికమ్‌తో వెళ్లిపోయిందన్న ఉత్తరం అందినప్పుడు, సినిమాలో డార్సీ తప్పు తనదంటాడు, ఎలిజబెత్ తనదంటుంది. చెల్లెళ్లకు ముందే చెప్పి ఉంటే ఆపగలిగేదాన్నంటుంది. ఇద్దరూ ఒకే సమయంలో నిందను తమ మీద వేసుకున్న ఆ రెండు వాక్యాలు సినిమాలో ఎదుగుదలకు గట్టి సాక్ష్యం. తరువాత డార్సీ వికమ్ అప్పులు తీర్చి, పెళ్లి జరిపించి, ఆ విషయం బయటపెట్టవద్దంటాడు. మెప్పు ఆశించని పని కనుక ఇదే అసలైన ప్రేమ అని చాలామంది రాశారు. ఒక విద్యార్థిని మాత్రం, లిడియాను ఒక మోసగాడికి జీవితాంతం కట్టబెట్టి కుటుంబం పరువు కొనుక్కోవడం ఉదారత ఎలా అవుతుందని నిలదీసింది. నేను ఆమె పక్షానే ఉన్నాను. డార్సీ గర్వాన్ని జయించాడు. తన కాలపు పరువు లెక్కలను జయించలేదు. రచయిత్రి కూడా ఆ దంపతుల భవిష్యత్తును అందంగా చిత్రించలేదు.

తండ్రి గది

ఎలిజబెత్ ఎదుగుదలను సినిమా పూర్తిగా వదిలేసిందని అనుకోవడం న్యాయం కాదు. దానిని చివరికి దాచిపెట్టింది. డొనాల్డ్ సదర్లాండ్ పోషించిన తండ్రి, ఈ మనిషిని నువ్వు ద్వేషిస్తావు కదా అని ఆశ్చర్యపోయినప్పుడు, ఆమె నవ్వుతూ, ఏడుస్తూ, అతని విషయంలో తాను పొరబడ్డానని, అతను ఎన్నో విషయాలలో మూర్ఖంగా ప్రవర్తించినా తానూ అంతే చేశానని, తామిద్దరూ ఒకేలాంటి మొండివాళ్లమని చెబుతుంది. నవలలో ఏకాంతంలో జరిగిన ఆత్మపరిశీలనను సినిమా తండ్రి ముందు పెట్టింది. కూతురు తండ్రి ఎదుట తన పొరపాటు ఒప్పుకోవడమన్నది మా తరగతికి ప్రేమ సన్నివేశాలన్నింటికంటే బలంగా తాకింది. తొలిసారి చూసినప్పుడు ఇది తండ్రి అంగీకారం కోసం చెప్పిన మాటల్లా వినిపించిందని, అధ్యాయం చదివాక చూస్తే నిజంగానే ఒప్పుకోలులా వినిపించిందని పలువురు చెప్పారు.

బ్రిటన్‌లో విడుదలైన రూపం తండ్రి గదిలోనే ముగుస్తుంది. అమెరికా రూపంలో ఆ తరువాత పెంబర్లీలో దీపాల వెలుగులో దంపతులు సరసమాడే దృశ్యం ఒకటి అదనంగా ఉంది. రెండూ చూపించి ఏది ముగింపు కావాలని అడిగితే తరగతి రెండుగా చీలింది. దంపతులను చూడకుండా ఇంటికి ఎలా వెళతామన్నవారు తక్కువేమీ కాదు.

మొదట ఇచ్చిన ప్రశ్నలనే చివర మళ్లీ ఇచ్చాను. ఈసారి ఎలిజబెత్ పేరు చాలా కాగితాలలో వచ్చింది. సన్నివేశాలుగా తొలి విందులోని నవ్వు, ఊయల, సత్రంలో నిందను తన మీద వేసుకోవడం, తండ్రి గది కనిపించాయి. అద్దం సన్నివేశాన్ని రాసినవారు కొద్దిమందే. తెనాలి విద్యార్థిని తన అభిప్రాయాన్ని సగమే మార్చుకుంది: నవలలోని ఎలిజబెత్ ఎదిగిందని, సినిమాలోని ఎలిజబెత్ ఎదగడానికి దర్శకుడు సమయం ఇవ్వలేదని రాసింది. ఆ కాగితానికి నేను పూర్తి మార్కులు వేశాను.

ఈ అనుభవంతో బోధన క్రమంలో ఒక మార్పు చేశాను. ముప్పై ఆరవ అధ్యాయాన్ని సినిమాకు ముందు చదివించడం లేదు. ముందే చదివితే విద్యార్థులు తెర మీద లేనిదానిని కూడా ఉందనుకుని చూస్తారు. ముందు సినిమా, తరువాత అధ్యాయం, ఆ తరువాత తండ్రి గది ఒక్కటి మళ్లీ. అద్దం సన్నివేశాన్ని మాత్రం స్క్రిప్టు అభ్యాసంగా ఇస్తున్నాను: డార్సీ గొంతు వినిపించకూడదు, ఉత్తరంలోని ఒక్క వాక్యం కూడా చదవకూడదు, ఎలిజబెత్ గుర్తుచేసుకున్నవాటిని మాత్రమే దృశ్యాలుగా రాయాలి. ఇప్పటిదాకా వచ్చిన ప్రయత్నాలలో వికమ్ రాని విందులో ఆమె తలుపు వైపు చూస్తూ డార్సీని పట్టించుకోని దృశ్యాన్ని రెండవసారి, తలుపు వైపు కాకుండా డార్సీ వైపు నుంచి రాసినది అందరికంటే దగ్గరగా వచ్చింది.